మాడ్రిడ్‌లో చివరి ఆదివారం: ఐదుగురు స్నేహితులు, నాలుగు ఫ్లైట్లు

మీరు అడిగింది ఇది: ఇంజినీరింగ్ క్లాస్‌మేట్స్ ఐదుగురు మాడ్రిడ్‌లో కలుస్తున్నారు. ఇద్దరు హైదరాబాద్ నుంచి, మిగతా ముగ్గురు డబ్లిన్, లండన్, మ్యూనిక్ నుంచి వస్తున్నారు. చివరి రోజు ఆదివారం. డబ్లిన్ ఫ్లైట్ మధ్యాహ్నం 3:40కి, లండన్, మ్యూనిక్ ఫ్లైట్లు రాత్రి 7:30 ప్రాంతంలో, హైదరాబాద్ వాళ్లది గల్ఫ్ మీదుగా రాత్రి 10:30కి. ఉదయం రూమ్ ఖాళీ చేసి టోలెడో చూసి రావచ్చా, లేకపోతే ఆ రోజు ఏం చేయాలి?

నేను మాడ్రిడ్‌లోనే ఉంటాను. మనవాళ్లు ఎవరు వచ్చినా చివరి రోజు ఎలా గడపాలో చెప్పి, సామాను పట్టించి పంపడం నాకు అలవాటైన పని. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

టోలెడో వద్దండి. అటోచా స్టేషన్ నుంచి హైస్పీడ్ రైలు అరగంటలో తీసుకెళ్తుంది, అది నిజమే. కానీ స్టేషన్ నుంచి కొండ మీది పాత ఊరికి ఎక్కాలి, కెథెడ్రల్ ఒక్కటే గంటన్నర పడుతుంది, ఆదివారం తిరుగు రైళ్లలో సీట్లు ముందే నిండిపోతాయి. మీ డబ్లిన్ స్నేహితుడు ఎలాగూ రాలేడు. అంటే అతను పొద్దున్నే ఒక్కడే బయల్దేరతాడు, మిగతా నలుగురు గడియారం చూసుకుంటూ ఓ గొప్ప ఊరిని హడావుడిగా చుట్టేస్తారు. టోలెడో చూడాలని ఉంటే శుక్రవారమో శనివారమో పెట్టుకోండి, ఆ ఊరికి ఒక పూర్తి రోజు ఇవ్వాలి.

ఇలాంటి గుంపు ట్రిప్పుల్లో చివరి రోజును ఆఖరున వెళ్లేవాళ్ల ఫ్లైట్ చూసి ప్లాన్ చేస్తారు. 'రాత్రి పదిన్నర దాకా ఉన్నాం కదా' అనిపిస్తుంది. నేను దానికి ఒప్పుకోను. ముందుగా వెళ్లేవాళ్లను బట్టి ప్లాన్ చేయాలి. ఐదుగురూ కలిసి ఉండే చివరి గంటలు ఉదయం 9 నుంచి 12:30 వరకే. చూడాల్సిన వాటిలో అన్నిటికన్నా గొప్పదాన్ని, తీరిగ్గా కూర్చుని చెప్పుకోవాల్సిన కబుర్లను ఆ మూడున్నర గంటల్లో పెట్టండి. మళ్లీ ఐదుగురికీ ఒకేసారి సెలవులు కుదరడం, అందరికీ వీసాలు రావడం ఎప్పటికో! సాయంత్రం మిగిలే ఇద్దరికి ఊళ్లో పనులు బోలెడు ఉంటాయి, వాళ్ల గురించి బెంగ అక్కర్లేదు.

శనివారం రాత్రే లెక్కలు తేల్చేసుకోండి. ఖర్చులు పంచుకునే స్ప్లిట్‌వైజ్ యాప్‌లో రాసుకున్నా సరే, ఆఖరి డిన్నర్ అయ్యాక అరగంట కూర్చుని అందరూ ఒకసారి చూసుకోండి. ఎయిర్‌పోర్ట్‌లో నిలబడి 'ఆ టాక్సీ ఎవరు కట్టారు' అని మొదలుపెడితే నాలుగు రోజుల సరదా అక్కడే చల్లారిపోతుంది. యూరోను ఎన్ని రూపాయలకు లెక్క కట్టాలో ఆ రాత్రే ఒప్పుకోండి. హైదరాబాద్ వాళ్లు యూరప్ అకౌంట్లకు డబ్బు పంపడం పెద్ద తతంగం. బయట ఉన్న ముగ్గురికి ఇండియాలో అకౌంట్లు ఉండే ఉంటాయి కాబట్టి రూపాయల్లోనే అక్కడికి వేయించుకుంటే ఆ రాత్రికే పని అయిపోతుంది. వాళ్లకు ఎన్‌ఆర్‌ఓ అకౌంట్ (విదేశాల్లో ఉండే భారతీయుల రూపాయి అకౌంట్) ఉంటే అందులోకే.

ఆ రోజు మొత్తం అటోచా స్టేషన్ చుట్టూ నడిచి వెళ్లే దూరంలోనే గడపండి. రైనా సొఫియా మ్యూజియం, రెతీరో పార్క్, ప్రాదో మ్యూజియం, పాత రచయితల పేట అన్నీ అక్కడే ఉన్నాయి, ఎయిర్‌పోర్ట్ రైలూ బస్సూ అక్కడి నుంచే. మీ రూమ్ ఎక్కడున్నా ఉదయం 8:30 కల్లా సామానుతో అటోచా చేరండి. స్టేషన్‌లో లాకర్లున్న సామాను గది ఉంది, బ్యాగులు స్కాన్ చేసి లోపలికి పంపుతారు. ఇక్కడొక చిన్న జాగ్రత్త. డబ్బు కలిసొస్తుందని ఐదుగురి సామాను పెద్ద లాకర్లలో కలిపి కుక్కొద్దు. డబ్లిన్ పెట్టె విడిగా, లండన్, మ్యూనిక్ పెట్టెలు ఒకచోట, హైదరాబాద్ పెట్టెలు ఒకచోట. ఎవరు ఎప్పుడు వెళ్తే వాళ్ల లాకర్ మాత్రమే తెరవాలి. హోటల్లో దిగితే చెకవుట్ తర్వాత కూడా సామాను ఉంచుకుంటారు, కానీ హోటల్ అటోచాకు దూరమైతే ఒక్కొక్కరూ దానికోసం వెనక్కి పరుగెత్తాలి. ఆ నాలుగు యూరోలు మిగిల్చుకుని ఏం లాభం?

తర్వాత టిఫిన్. ఎదురుగా ఉన్న ఏ కేఫ్‌లోనైనా రొట్టె కాల్చి, పైన టమాటా గుజ్జు, ఆలివ్ నూనె వేసి ఇస్తారు, శాకాహారులు ధైర్యంగా తినొచ్చు. చుర్రోలు పిండి, నీళ్లు, ఉప్పుతో చేసి నూనెలో వేయించినవే, చిక్కటి చాక్లెట్‌లో ముంచుకుని తింటారు. గుడ్డు తినేవాళ్లకు బంగాళాదుంపల ఆమ్లెట్ ముక్క, వాళ్లు తోర్తియా అంటారు. ఈ టిఫినే ఐదుగురికీ కలిసి చేసే చివరి భోజనం అనుకుని కూర్చోండి. ఎందుకంటే స్పెయిన్‌లో మధ్యాహ్నం వంటిళ్లు ఒకటిన్నర దాకా మొదలుకావు, అప్పటికి మీ డబ్లిన్ అతను ఎయిర్‌పోర్ట్ దారిలో ఉంటాడు. పన్నెండింటికి లంచ్ కోసం వెతికి టైం పాడుచేసుకోకండి.

పది గంటలకు రైనా సొఫియా తెరుస్తారు. ఆదివారం మధ్యాహ్నం 12:30 నుంచి 2:30 దాకా అక్కడ ప్రవేశం ఉచితం, ఇంటర్నెట్‌లో అందరూ అదే చెబుతారు. మీ విషయంలో మాత్రం 12 యూరోల టికెట్ ముందే ఆన్‌లైన్‌లో కొని పదింటికే వెళ్లమంటాను. ఉచిత వేళలో వీధి మలుపు దాకా లైన్ ఉంటుంది, పైగా డబ్లిన్ స్నేహితుడు అప్పటికి వెళ్లిపోతాడు. అక్కడ చూడాల్సింది పికాసో గీసిన గెర్నికా. మిగతా గదుల్లో ఆగకుండా నేరుగా రెండో అంతస్తుకు వెళ్లండి, పదీ పదికి ఆ గది ఇంకా పలుచగా ఉంటుంది.

ఆ బొమ్మ గురించి కొంచెం చెప్పాలి, తెలిసి చూస్తే వేరుగా ఉంటుంది. 1937 ఏప్రిల్ 26న, స్పెయిన్‌లో అంతర్యుద్ధం నడుస్తుండగా, రిపబ్లిక్ ప్రభుత్వం మీద తిరగబడి తర్వాత నియంతగా ఏలిన ఫ్రాంకో తరఫున జర్మన్, ఇటాలియన్ విమానాలు బాస్క్ ప్రాంతంలోని గెర్నికా అనే చిన్న ఊరి మీద బాంబులు వేశాయి. ఆరోజు సంత రోజు. పారిస్‌లో ఉన్న పికాసో, ఆ ఏడాది అక్కడ జరిగే అంతర్జాతీయ ప్రదర్శనలో స్పెయిన్ రిపబ్లిక్ మండపం కోసం దీన్ని కొన్ని వారాల్లోనే గీశాడు. ఎత్తు మూడున్నర మీటర్లు, పొడవు దాదాపు 7.8 మీటర్లు. రంగుల్లేవు, నలుపు, తెలుపు, బూడిద రంగే. స్పెయిన్‌లో ప్రజల పాలన తిరిగి వచ్చేదాకా ఈ బొమ్మ అక్కడికి వెళ్లకూడదన్నాడు పికాసో. అందుకే అది దశాబ్దాలపాటు న్యూయార్క్‌లో ఉండి, ఫ్రాంకో పోయిన ఆరేళ్లకు, 1981లో మాడ్రిడ్ చేరింది. ఈ మ్యూజియంలో 1992 నుంచి ఉంది. ఎడమ చివర చచ్చిన బిడ్డను ఎత్తుకుని ఆకాశం వైపు అరుస్తున్న తల్లి దగ్గర మొదలుపెట్టి మెల్లగా కుడికి జరగండి. ఒకప్పుడు ఫొటోలకు ఒప్పుకునేవాళ్లు కాదు, 2023 నుంచి ఫ్లాష్ లేకుండా తీసుకోవచ్చు. ఐదుగురూ నిలబడి ఫొటో దిగే ముందు పది నిమిషాలు మాట్లాడకుండా చూడండి. అక్కడ జనం గట్టిగా మాట్లాడుతుంటే నాకు బాధేస్తుంది.

బయటికి వచ్చేసరికి 11:15 అవుతుంది. అటోచా ముందున్న పెద్ద కూడలి దాటితే క్వెస్తా దె మొయానో అనే ఏటవాలు వీధి. చెక్క గూళ్లలో వరసగా పాత పుస్తకాల కొట్లు, 1925 నుంచి అక్కడ ఉన్నాయి. ఆదివారం పొద్దున ఆబిడ్స్‌లో ఫుట్‌పాత్ పుస్తకాల మధ్య తిరిగినవాళ్లకు ఇక్కడ కాలు కదలదు. స్పానిష్ రాకపోయినా పాత పటాలు, పోస్టుకార్డులు, బొమ్మల పుస్తకాలు దొరుకుతాయి, డబ్లిన్ స్నేహితుడికి చేతిలో పెట్టడానికి అంతకన్నా మంచి కానుక నాకు తోచదు. ఆ వీధి పైకెళ్తే రెతీరో పార్క్ గేటు వస్తుంది. పార్క్ 125 హెక్టార్లు, మొత్తం తిరగాలని చూడకండి. లోపలికి వెళ్లగానే స్వర్గం నుంచి పడిపోతున్న దేవదూత విగ్రహం ఉంటుంది, అక్కడి నుంచి చెరువు వైపు నడవండి. ఆదివారాలు చెరువు గట్టు మీద వాద్యాలు వాయించేవాళ్లు, పిల్లలతో వచ్చిన కుటుంబాలు, ముసలి దంపతులు, మాడ్రిడ్ అంతా అక్కడే ఉంటుంది. పడవలకు మాత్రం వెళ్లొద్దు. పడవకు నలుగురినే ఎక్కిస్తారు, 45 నిమిషాలు పోతాయి. చెట్ల కింద బెంచీ మీద కూర్చోండి, అది చాలు. పార్క్‌లోని గాజు భవనం మరమ్మతుల కోసం మూసి ఉంది, దానికోసం వెతుక్కోవద్దు. ప్రాదో వీధినీ ఈ పార్క్‌నూ కలిపి యునెస్కో 2021లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

'ఆదివారం కదా, రాస్త్రో సంత వదిలేస్తే ఎలా' అని ఎవరో ఒకరు అంటారు. లా లతీనా వైపు వీధుల్లో ఉదయం 9 నుంచి 3 దాకా జరుగుతుంది, నాకూ ఇష్టమే. కానీ పది దాటాక ఇసుక వేస్తే రాలనంత జనం, జేబుదొంగలకు అదే అదను. పాస్‌పోర్ట్ జేబులో పెట్టుకుని తిరిగే రోజున ఆ రద్దీలోకి పంపడం నాకు ఇష్టం లేదు.

12:30కి అందరూ కలిసి స్టేషన్‌కు దిగి రండి. డబ్లిన్ షెంగెన్‌లో (పాస్‌పోర్ట్ తనిఖీ లేకుండా ఒకదాన్నుంచి ఇంకోదానికి వెళ్లగలిగే యూరప్ దేశాల కూటమిలో) లేదు కాబట్టి అతనికి పాస్‌పోర్ట్ తనిఖీ ఉంటుంది, రెండు గంటల ముందు ఎయిర్‌పోర్ట్‌లో ఉండాలి. ఇక్కడ చాలామంది తికమకపడేది టెర్మినల్ దగ్గర. బరాహాస్ ఎయిర్‌పోర్ట్‌లో 1, 2, 3 టెర్మినళ్లు ఒకచోట ఉంటాయి, 4వది వాటికి దూరంగా విడిగా ఉంటుంది. సెర్కనియాస్ లోకల్ రైలు అటోచా నుంచి టెర్మినల్ 4కే వెళ్తుంది, సుమారు అరగంట. ఫ్లైట్ టెర్మినల్ 1 నుంచైతే ఆ రైలెక్కితే లాభం లేదు, అటోచా బయట ఆగే 203 నంబరు పసుపు ఎక్స్‌ప్రెస్ బస్సు ఎక్కాలి. 5 యూరోలు, దాదాపు 40 నిమిషాలు, టెర్మినల్ 1, 2, 4 మూడు చోట్లా ఆగుతుంది. మెట్రోలో వెళ్తే ఎయిర్‌పోర్ట్ కోసం అదనంగా 3 యూరోల చార్జీ కట్టాలి, పైగా పెట్టెలతో లైన్లు మారాలి. బోర్డింగ్ పాస్ మీద టెర్మినల్ నంబరు శనివారం రాత్రే చూసుకుని గ్రూపులో రాసి పెట్టండి.

అతన్ని పంపాక మిగతా నలుగురు ప్రాదో వీధి దాటి రచయితల పేటలోకి నడవండి. వెర్తాస్ వీధిలో రాళ్ల మీద పాత స్పానిష్ రచయితల వాక్యాలు బంగారు రంగు అక్షరాలతో పొదిగి ఉంటాయి. 'డాన్ క్విక్సోట్' రాసిన, 1616లో పోయిన సెర్వాంతెస్ ఆ పేటలోనే బతికాడు, అక్కడి కాన్వెంట్‌లోనే సమాధి చేశారు. లంచ్‌కు సరిగ్గా ఒకటిన్నరకు హోటల్ తలుపు దగ్గర ఉండండి, రెండు దాటితే ఆదివారం కుటుంబాలన్నీ వచ్చేస్తాయి, రిజర్వేషన్ లేకుండా నలుగురికి టేబుల్ దొరకదు. మామూలు రోజుల్లో చవగ్గా దొరికే మధ్యాహ్నం భోజనం ప్లేటు ఆదివారం చాలాచోట్ల ఉండదు. శాకాహారులు 'సిన్ కార్నె, సిన్ హమోన్, సిన్ పెస్కాదో' (మాంసం వద్దు, పంది తొడ ముక్కలు వద్దు, చేప వద్దు) అని మూడూ విడివిడిగా చెప్పాలి. మాంసం వద్దంటే పంది తొడ ముక్కలు మాంసం కిందికి రావనుకునే వంటవాళ్లు ఇంకా ఉన్నారు, చిక్కుళ్ల కూరలో కూడా అవి వేస్తారు. వేయించిన పాద్రోన్ మిరపకాయలు, పాతాతాస్ బ్రావాస్ (కారం సాస్ వేసిన బంగాళాదుంప వేపుడు) తెప్పించుకోండి. నాలుగు రోజులుగా అన్నం మీద మనసు పోయి ఉంటే లావాపియెస్ వీధిలో భారతీయ హోటళ్లు వరసగా ఉన్నాయి, అటోచా నుంచి పావుగంట నడక.

బిల్లు మీరు అడిగేదాకా ఎవరూ తీసుకురారు, తిన్నాక గంటసేపు కూర్చుని మాట్లాడుకోవడం ఇక్కడ మర్యాదే. కాబట్టి లేవాల్సిన టైముకు ఇరవై నిమిషాల ముందే 'లా క్వెంతా, పోర్ ఫవోర్' (బిల్లు ఇవ్వండి) అనండి. కార్డు మెషీన్ యూరోలా రూపాయలా అని అడిగితే యూరోలే నొక్కండి, రూపాయలు నొక్కితే వాళ్ల రేటు ప్రకారం ఎక్కువ పోతుంది. చిల్లర నాణేలన్నీ ఈ భోజనంలో ఖర్చు పెట్టేయండి, హైదరాబాద్‌లో ఫారెక్స్ వాళ్లు నోట్లే తీసుకుంటారు, నాణేలు తీసుకోరు.

లండన్, మ్యూనిక్ వాళ్లు 4:30కి కలిసి బయల్దేరవచ్చు. టాక్సీ అయితే ఊరి మధ్య నుంచి ఎయిర్‌పోర్ట్‌కు ఇద్దరెక్కినా నలుగురెక్కినా ఒకటే స్థిర చార్జీ, 33 యూరోలు. తెల్ల కారు, తలుపు మీద ఎర్ర చార ఉంటుంది. మ్యూనిక్ అతనికి షెంగెన్ లోపలి ప్రయాణమే కాబట్టి పాస్‌పోర్ట్ లైన్ ఉండదు. లండన్ వాళ్లకు ఉంటుంది. ఇంకో సంగతి, 2025 ఏప్రిల్ నుంచి యూరప్ చీజ్, పాల పదార్థాలు, పంది, గొర్రె వంటి మాంసాలు సొంతానికైనా సరే బ్రిటన్‌లోకి తీసుకెళ్లనివ్వడం లేదు. అతని బ్యాగులో చీజ్ ఉంటే ఈ లంచ్‌లోనే తినేయండి.

ఇక హైదరాబాద్ ఇద్దరు. కొనుక్కోవాల్సినవి తేలిగ్గా ఉండేవి చూసుకోండి: లా మాంచా కుంకుమపువ్వు, పొగబెట్టిన మిరపపొడి డబ్బాలు, బాదంతో చేసే చిక్కీ లాంటి మిఠాయి తుర్రోన్. తుర్రోన్‌లో గుడ్డు తెల్లసొన ఉంటుంది, ఇంట్లో గుడ్డు తినని పెద్దవాళ్లకు ఇవ్వొద్దు. ఆలివ్ నూనె సీసా చెకిన్ పెట్టెలోకే.

ట్యాక్స్ రీఫండ్ విషయం జాగ్రత్తగా చదవండి, మీ గుంపులో అందరికీ వర్తించదు. యూరోపియన్ యూనియన్ బయట నివాసం ఉన్నవాళ్లకే ఇస్తారు. అంటే హైదరాబాద్ ఇద్దరికీ, లండన్ వ్యక్తికీ వస్తుంది. మ్యూనిక్, డబ్లిన్ వాళ్లకు పాస్‌పోర్ట్ భారతీయమైనా రాదు, ఎందుకంటే అక్కడ నివాసం యూనియన్ లోపలిది. బట్టలు, బూట్లు, బ్యాగుల మీద పన్ను 21 శాతం, కమీషన్ పోను మీ చేతికి వచ్చేది అంతకన్నా తక్కువ. 2018 నుంచి ఇంత కొనాలన్న కనీస పరిమితి లేదు. కొన్నప్పుడే పాస్‌పోర్ట్ చూపించి 'దీవా' ఫారం అడగాలి, మామూలు బిల్లుతో ఎయిర్‌పోర్ట్‌లో ఏమీ చేయలేరు. అక్కడ పెట్టెలు చెకిన్ చేయకముందే దీవా మెషీన్ దగ్గర ఫారం స్కాన్ చేయండి. కస్టమ్స్ వాళ్లు వస్తువులు చూపించమనవచ్చు, అవి అప్పటికే బెల్టు మీద వెళ్లిపోయి ఉంటే ఆ రీఫండ్ పోయినట్టే.

వాళ్లిద్దరికీ 4:30 నుంచి రెండు గంటలు మిగులుతాయి. ప్రాదో మ్యూజియం ఆదివారం 5 నుంచి 7 దాకా ఉచితం. నాలుగున్నరకే లైన్‌లో నిలబడండి, లైన్ వేగంగానే కదులుతుంది. ఒక్క గంటే ఉంది కాబట్టి రెండే చూడండి: రాకుమారినీ ఆమె పరిచారికలనూ చూపిస్తూ 1656లో వెలాస్కెస్ వేసిన లాస్ మెనీనాస్, నెపోలియన్ సైనికులు మాడ్రిడ్ జనాన్ని కాల్చి చంపడం మీద గోయా వేసిన 1808 మే 3 కాల్పుల చిత్రం. ఉదయం గెర్నికా చూసిన కళ్లతో సాయంత్రం ఆ కాల్పుల చిత్రంలో తెల్లచొక్కా మనిషి ముందు నిలబడితే, నూటఇరవై ఏళ్లకు పైగా దూరంలో ఉన్న ఆ రెండు బొమ్మలూ ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటున్నట్టే ఉంటుంది. ఇక్కడ ఫొటోలు నిషేధం. పెద్ద బ్యాగులు లోపలికి రానివ్వరు, అవి లాకర్‌లోనే ఉండనివ్వండి.

6:20కి బయటపడి, సామాను తీసుకుని, ఏడుంబావుకల్లా ఎయిర్‌పోర్ట్‌లో ఉండాలి. టెర్మినల్ 4 నుంచైతే గల్ఫ్ ఫ్లైట్ల గేట్లు సాధారణంగా దానికి విడిగా ఉండే శాటిలైట్ భవనంలో ఉంటాయి, భూగర్భ రైలెక్కి వెళ్లాలి, పాస్‌పోర్ట్ తనిఖీ కూడా అక్కడే. 2025 అక్టోబరు నుంచి యూరప్ కొత్త బయోమెట్రిక్ విధానం మొదలైంది, స్టాంపుకు బదులు వేలిముద్రలు, ముఖం ఫొటో నమోదు చేస్తారు, లైన్లు పెరిగాయి. ముందు ఆ తనిఖీ దాటాకే కాఫీ సంగతి చూసుకోండి.

ఒకవేళ ఆ రోజు ఎవరి పాస్‌పోర్ట్ అయినా పోతే గుంపంతా ఆగిపోవద్దు, ఒకరు తోడుండి మిగతావాళ్లు ఫ్లైట్ ఎక్కండి. మొదట పోలీసు ఫిర్యాదు కాగితం కావాలి. లెగనీతోస్ వీధి 19లోని పోలీస్ స్టేషన్‌లో విదేశీ టూరిస్టుల కోసమే ప్రత్యేక విభాగం ఉంది. అత్యవసరమైతే 112. భారత రాయబార కార్యాలయం పీయో 12 అవెన్యూలో ఉంది, ఆదివారం మామూలు సేవలు ఉండవు కాబట్టి సోమవారం దాకా ఆగి, ఆ కాగితంతో ఎమర్జెన్సీ సర్టిఫికెట్‌కు (పాస్‌పోర్ట్ బదులు ఇండియాకు తిరిగి వెళ్లడానికి ఇచ్చే పత్రం) దరఖాస్తు చేయాలి. పాస్‌పోర్ట్, వీసా పేజీల ఫొటోలు అందరివీ గ్రూపులో ముందే పెట్టుకుంటే ఈ పని సగం తేలికవుతుంది.

మీరు వచ్చేది మార్చి లేదా అక్టోబరు చివరి ఆదివారమైతే ఆ తెల్లవారుజామున గడియారాలు గంట మారతాయి. ఫోన్ దానంతటదే మార్చుకుంటుంది, చేతి గడియారం మీరే మార్చుకోవాలి. తేదీలు ఖాయమయ్యాక టెర్మినల్ నంబర్లతో ఇక్కడే రాయండి, ఎవరు రైలెక్కాలో ఎవరు బస్సెక్కాలో చూసి చెబుతాను.